వర్షాంతమున సంకల్పవిచారము

ఫాల్గుణ బహుళము ముగియవచ్చునప్పటికి మన యిండ్లలో గోడమేకునకు వ్రేలాడు పంచాంగము అంచులు నలిగి, పసుపు మరకలు పడి, ఇక నాలుగు దినములలో తన పని చాలించుటకు సిద్ధముగా నుండును. ఉగాదినాడు దేవాలయ మండపమున గూర్చుండి, వేపపూత పచ్చడి రుచి నాలుకపై నుండగనే, తన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత యని చెవియొగ్గి విన్నవారిలో, ఏడాది చివర ఆ పుట మరల విప్పి చూచువారు అరుదు. చూచినను ప్రయోజనము స్వల్పమే. ఆ నాలుగంకెలును లోకమునుండి మనకు వచ్చినదానిని, మననుండి పోయినదానిని లెక్కించును గాని, మనమేమి కాదలచితిమో, ఆ తలపు మనలనేమి చేసినదో చెప్పజాలవు. ఆ లెక్క యెవనికి వాడు చూచుకొనవలసినదే.

అయితే ఇచట ఆస్తికుని మనస్సున నొక సంశయము పొడసూపుట సహజము. ఫలాపేక్ష వలదని బోధించు ధర్మమున బుట్టినవానికి లక్ష్యములేల? సర్వసంకల్పములను సన్న్యసించినవాడే యోగారూఢుడని గీత ఆరవ అధ్యాయమున జెప్పబడియుండ, ఏటికేడు క్రొత్త సంకల్పములు చేసికొనుట బంధమును బెంచుకొనుటయే కాదా? దీనికి సమాధానము ఆ ముందటి శ్లోకముననే కలదు. యోగము నారోహింపగోరువానికి కర్మమే సాధనమనియు, ఆరోహించినవానికి శమము సాధనమనియు భగవానుడు అధికారభేదమును నిర్ణయించెను. బిడ్డల చదువులు, అప్పుల గడువులు, తల్లిదండ్రుల వార్ధకము మోయుచున్న మనబోంట్లు ఇంకను మెట్ల మొదటనే యున్నవారు. వైరాగ్యమను పేర జాడ్యమును కప్పిపుచ్చుకొనుట మనకు దగదు.

మరి సంకల్పమెట్లుండవలెనో మన పూజావిధియే నేర్పుచున్నది. ఆచమనము చేసి, ప్రాణాయామము ముగించి, అక్షతలు చేతబట్టిన గృహస్థుడు నోరు విప్పగనే తన కోరిక చెప్పడు. శ్వేతవరాహకల్పము, వైవస్వతమన్వంతరము, కలియుగము, జంబూద్వీపము, భరతవర్షము, శ్రీశైలమునకు తానున్న దిక్కు, సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము, నక్షత్రము, ఇన్నింటిని దాటి వచ్చిన పిమ్మటగాని తన గోత్రనామములను జెప్పుకొనడు, కోరిక యటుపిమ్మటిది. అందును తనయొక్కని కొరకే గాక కుటుంబమున కెల్ల క్షేమము నర్థించును. కర్మాంతమున మంత్రలోపమును, క్రియాలోపమును ఒప్పుకొని, చేసినదెల్ల పరమేశ్వరార్పణమనుచు అక్షతలను నీటితో విడుచును. అపారమగు కాలమున తన తావెరిగి కోరినవానికే, లోపమును దాచక తుదిని చేయి విడుచు నేర్పు అలవడును.

సగమున నిలిచిన సంకల్పమునకేమి గతి యని చింతించువారు మన భారతమునే తలపవలెను. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమునందు రాజరాజనరేంద్రుని కోరికపై భారతమును దెనిగింపబూనిన నన్నయభట్టు, ఆదిసభాపర్వములు ముగించి, అరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసమున శరద్రాత్రులను వర్ణించుచు నిలిచిపోయెను. 13వ శతాబ్దమున తిక్కన విరాటపర్వము మొదలుకొని పదునేను పర్వములు రచించెను. 14వ శతాబ్దమున ఎర్రన ఆ అరణ్యపర్వశేషమును బూరించి, ఆ కీర్తిని తన పోషకునికి గాని తనకు గాని చుట్టుకొనక, నన్నయ తలపెట్టినట్లే రాజరాజనరేంద్రునికే అంకితమొనర్చెను. నన్నయ జీవితపు లెక్కలో భారతము అసంపూర్ణమే. అయినను తలచినది లోకహితము, చేసినంత మేర నిర్దుష్టము. కావుననే అది శతాబ్దముల పిదప పరహస్తమున బరిపూర్ణత నొందెను.

ఇట్లు విచారించినచో, నెరవేరిన లక్ష్యములలో మనలను గృపణులను జేసినవి కలవు. నెరవేరనివానిలో మనలను మృదువులను జేసినవియు గలవు. మేడ కట్టించి, గృహప్రవేశమునకు తోడబుట్టిన యన్నను బిలువ మనసు రానివాడు ఏమి సాధించినట్లు? నిత్యము భాగవతము చదువదలచి, సగము దినములే చదివియు, ఆ సగముతోనే యింటిలో గొంతెత్తుట మానినవాడు ఏమి కోల్పోయినట్లు? మన చేత గాక పరుని చేత నెరవేరినను సంతసింపగల లక్ష్యమేదియో, దానిని, అది యెంత శేషించియున్నను, క్రొత్తయేటికి నిస్సంకోచముగా దీసికొనిపోవుదము. ఇతరుడు సాధించినచో మనకసూయ గలిగించునది లక్ష్యవేషము దాల్చిన అహంకారమే గావున, దానిని ఈ ఫాల్గుణ అమావాస్యతోనే విడుచుట శ్రేయస్కరము.