చీట్లును ఇరువది రెండు అక్షరములును

సంతలలోను తిరునాళ్లలోను చిలుక పంజరము వెడలి వచ్చి ఒక చీటిని లాగుట నీవెరుగుదువు. మన మఠంపల్లి ప్రాంతపు విశ్వాసులలో అనేకులు అక్కడ నిలువరు. అయితే టారో అను మరియొక జోస్యపు ముక్కలకట్ట ఇప్పుడు సెల్‌ఫోను ద్వారా మన యిండ్లలోనికి వచ్చుచున్నది. దానిని గూర్చి యౌవనులు చెప్పు మాట వేరు. “అయ్యగారూ, ఇది యూదుల మర్మవిద్యయట, మోషే జనులదైతే మనకు దోషమేమి?” కుమార్తెకు సంబంధము కుదరక నిద్రపట్టని తల్లికి ఈ మాట ఎంత తీయగా నుండునో తలంచుము. కావున దీనిని ఊరక త్రోసివేయక పరీక్షింతము.

ఆ కట్టలో 78 ముక్కలు. వాటిలో 22 ప్రత్యేకమైన బొమ్మలు. హెబ్రీ అక్షరములును 22. నీ బైబిలులో 119వ కీర్తన తెరువుము. ఆలెఫ్, బేత్, గీమెల్ అని 22 భాగములు, భాగమునకు 8 వచనములు. దేవుడు ఈ అక్షరములతో లోకమును నిర్మించెనని యూదుల ప్రాచీన గ్రంథమైన సేఫెర్ యెట్సీరా చెప్పును. ఇంతవరకు ఉన్నమాటయే.

అయితే టారో ముక్కలు 15వ శతాబ్దమున ఇటలీలో ప్రభువులు ప్రొద్దుపుచ్చుటకు ఆడుకొనినవి. మన అరుగులమీది పేకకు దాయాదులే! 1781లో పారిసులో అచ్చయిన ఒక గ్రంథములోనే వాటికి హెబ్రీ అక్షరములను జతచేసిరి. ఆ గ్రంథమే అవి ఐగుప్తువని కూడ చెప్పెను. తరువాత 1850లలో ఎలీఫస్ లేవీ అను ఫ్రెంచివాడు ఆ జతను స్థిరపరచెను. అతని పుట్టుపేరు ఆల్ఫోన్స్ లూయీ. ఆ పేరును సహితము హెబ్రీలోనికి మార్చుకొనెను. 1909లో లండనులో వెలువడిన కట్టలో ఒక స్త్రీ ఒడిలో తోరా అని వ్రాసిన చుట్టతో రెండు స్తంభముల నడుమ కూర్చుండును. ఆ స్తంభములు సొలొమోను మందిరపు యాకీను, బోయజులు (1 రాజులు 7:21). కల్దీయులు వాటిని తునకలు చేసి ఆ యిత్తడిని బబులోనునకు మోసికొనిపోయిరి. వీరు కాగితముమీద మరల నిలిపిరి.

పొరుగువాని పేరు అతని నడుగకయే మన అంగడిమీద వ్రాసికొనుట అబద్ధసాక్ష్యము కాదా? ఆ చుట్టమీద పేరున్న ధర్మశాస్త్రమే సోదెను నిషేధించుచున్నది (ద్వితీయోపదేశకాండము 18:10).

మత్తీయ విషయమై అపొస్తలులు చీట్లు వేయలేదా అని కొందరడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. వారు మొదట ఇద్దరిని నిలువబెట్టి, ప్రార్థించి, అందరియెదుట వేసిరి. రేపు తమకేమి సంభవించునని వారడుగలేదు. యూదా విడిచిన పనిని ఎవరు చేయవలెనని అడిగిరి.

ఆ తల్లి సంగతి మిగిలియున్నది. ముక్కలు తప్పని ఆమెతో చెప్పి వచ్చుట సులభము. తప్పిపోయిన సంబంధములను, అడుగబడిన కట్నమును, బంధువుల మాటలను ఆమె ఎవరితో చెప్పుకొనును? ఆదివారము ఆరాధన ముగియగానే మనమందరము త్వరగా ఇండ్లకు పోవుదుము. రాత్రి పది గంటలకు ఆమెను నీకేమి కావలెనని అడుగుచున్నది ఆ ఫోను ఒక్కటే.