గుడారపు ద్వారమునొద్ద నిలిచినవారు

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 27:1–11



సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్దకు వచ్చి మోషే యెదుటను, యాజకుడైన ఎలియాజరు ఎదుటను, సర్వసమాజము ఎదుటను నిలిచిరి. తండ్రి అరణ్యములో చనిపోయెను. మగబిడ్డలు లేరు. ఆనాటి వాడుకచొప్పున ఆడబిడ్డలకు భూమి లేదు. పట్టా లేనివారి బ్రదుకెట్టిదో నల్లగొండ, పాలమూరు పల్లెలలోని మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

మోషే వారిని గద్దింపలేదు. “ఇది మన ఆచారము కాదు, పొండి” అనలేదు. తనంతట తాను తీర్పు చెప్పక, వారి మనవిని దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారి మాట న్యాయమైనదని దేవుడు సెలవిచ్చెను. అప్పటినుండి స్వాస్థ్యపు కట్టడయే మారెను.

మన దినములలోను కొందరు ద్వారమునొద్ద నిలిచియున్నారు. ఇద్దరు స్త్రీలు గాని ఇద్దరు పురుషులు గాని దంపతులవలె ఒక యింట బ్రదుకుచు, చట్టము తమ్మును కుటుంబముగా ఎంచవలెనని అడుగుచున్నారు. వయసు వచ్చినవారు ఇష్టపూర్వకముగా కలిసియుండుట నేరము కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తరువాత హైదరాబాదులో కాపురమున్న సుప్రియో, అభయ్ అను ఇద్దరు, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము క్రింద తమ వివాహమును గుర్తింపుమని ఆ కోర్టునే వేడుకొనిరి. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులు ఆ హక్కు ఇప్పుడు లేదనియు, చట్టము చేయుట పార్లమెంటు పనియనియు చెప్పిరి. 2025 జనవరిలో పునఃపరిశీలన మనవియు కొట్టివేయబడెను.

ఇది పట్నపు సంగతి, మనకేమి అందుమా? మన బిడ్డలు చదువుకును కూలికిని హైదరాబాదునకు పోవుచున్నారు. వారిలో ఇట్టివారు ఉండరని ఎవరు చెప్పగలరు? కాపురమునకు చట్టములో పేరు లేనప్పుడు కలుగు కష్టము చూడుడి. ఒకరు జబ్బుపడి ఆసుపత్రిలో చేరినప్పుడు, “నీవు ఈమెకు ఏమౌదువు?” అని రెండవవారిని అడుగుదురు. చెప్పుటకు మాట దొరకదు. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేక చనిపోయినవారి ఆస్తి భార్యకో భర్తకో, బిడ్డలకో, రక్తబంధువులకో పోవును. చివరి దినమువరకు గంజి కాచి పోసిన తోడునకు ఏమియు రాదు. వీలునామా వ్రాసినయెడల మాత్రము తన ఆస్తిని తనకు ఇష్టమైనవారికి ఇయ్యవచ్చును.

కొంతమట్టుకు తలుపు తెరువబడినది. ఇట్టి జంటలను రేషన్ కార్డు విషయములో ఒకే కుటుంబముగా ఎంచవలెనని 2024లో కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు తెలిపెను. బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరుచుటకు, ఒకరినొకరు నామినీగా వ్రాయుటకు అడ్డు లేదనెను. దగ్గర బంధువులు లేనప్పుడు శవమును తోడైనవారికి అప్పగింపవచ్చుననెను. ఆలోచించుడి: అన్నము, ఆసరా, సమాధి. వీటిని ఒకనికి అడ్డగించుట పరిశుద్ధతను కాపాడుట అగునా?

వివాహమును గూర్చి సంఘములలో ఒకే అభిప్రాయము లేదు. అయినను ఒకటి తెలిసికొందము. కోర్టు విచారించినది ప్రభుత్వపు వివాహ చట్టమునే. ఏ కాపరిచేతనైనను బలవంతముగా పెండ్లి జరిపించు సంగతి అందులో లేదు. కాబట్టి భయపడి రాళ్లు ఎత్తుకొననక్కరలేదు.

తలిదండ్రులారా, మీతో ఒక మాట. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎదుటికి ఒక వ్యాజ్యము వచ్చెను. ఎదిగిన కుమార్తెను ఆమె తోడైన స్త్రీతో ఉండనీయక తండ్రి ఇంట నిర్బంధించెనని దాని సారాంశము. ఆమె మేజరు గనుక తనకు ఇష్టమైనవారితో ఉండవచ్చుననియు, తలిదండ్రులు అడ్డుపడరాదనియు కోర్టు చెప్పెను. గదిలో పెట్టి తాళము వేసిన బిడ్డ హృదయము మనకు దగ్గరగునా? “పెండ్లి చేసిన అదే కుదురుకొనును” అని కొందరందురు. సంఘము ఎదుట ఇష్టము లేని నోటితో ప్రమాణము చేయించుట వివాహమును ఘనపరచుట కాదు. ఆ ప్రమాణమును నమ్మి వచ్చిన పరాయి యింటి బిడ్డ బ్రదుకును కూడ మనము పాడుచేసినవారమగుదుము.

సంఘ పెద్దలారా, మోషే చేసిన పని మనమును చేయుదము. మొదట మనవి విందము. విన్నదానిని ప్రార్థనలో దేవుని యెదుట పెట్టుదము. అట్టి బిడ్డ ఆదివారము గుడికి వచ్చినయెడల చాపమీద చోటిత్తము. వారి యింట జబ్బుచేసినయెడల చూడబోదము, చావు కలిగినయెడల పాడె మోయుదము. ఇందుకు పార్లమెంటు చట్టము అక్కరలేదు.

ద్వారమునొద్ద నిలిచిన అయిదుగురు కుమార్తెల మొర ఆలకించిన దేవుడు, మన చెవులను మృదువుగాను మన వాకిళ్లను విశాలముగాను చేయును గాక. ఆమేన్.