చవక ప్రోగ్రామరు – ప్రామాణ్య విచారము

జ్ఞానము తనంతట తానే ప్రమాణమా, లేక అన్యాపేక్షచే ప్రమాణమగునా యను ప్రశ్న మన దర్శనములలో మిక్కిలి ప్రాచీనమైనది. పుట్టిన జ్ఞానము స్వతఃప్రమాణమనియు, కారణదోషము గాని బాధకజ్ఞానము గాని పొడకట్టువఱకు దానిని శంకింప బనిలేదనియు కుమారిలభట్టు మొదలగు మీమాంసకులు వాదించిరి. నమ్మి ప్రవర్తించినప్పుడు ఫలము సిద్ధించుటయే ప్రామాణ్యమునకు గుఱుతని నైయాయికులు ప్రతివాదము చేసిరి. ఈ వివాదము పండితసభలకే చెల్లునని తలంచువారు, ఎలక్ట్రానిక్సును వినోదముగా నభ్యసించు యువకుడు చవకలో చిప్పు ప్రోగ్రామరును, అనగా చిప్పులలో ప్రోగ్రాములను వ్రాయు పరికరమును, కొనబోవు తీరును పరికింపవలెను.

కొన్ని వందల రూపాయలకు దొరకు సీహెచ్341ఏ బోర్డు, కంప్యూటరు బయోస్‌ను దాచు 25 శ్రేణి ఫ్లాష్ చిప్పులను, 24 శ్రేణి ఈఈప్రామ్‌లను చదివి వ్రాయగలదు. ఏవీఆర్ మైక్రోకంట్రోలర్లకు యూఎస్‌బీఏఎస్‌పీ చాలును. పలుజాతుల చిప్పులతో పనిగలవాడు మఱికొంత వెచ్చించి టీ48 వంటిది కొనవచ్చును. అయితే యూఎస్‌బీఏఎస్‌పీలో నున్నదియు నొక ఏవీఆర్ చిప్పే గనుక, దానిలో ప్రోగ్రాము నింపుటకు వేఱొక ప్రోగ్రామరు కావలెను. ఆర్డుయినో యూనోను ప్రోగ్రామరుగా మార్చి యీ చిక్కు దాటుదుమన్నను, ఆ యూనోలోని బూట్‌లోడరను తొలి ప్రోగ్రామును అంతకుముందే యెవరో మఱియొక ప్రోగ్రామరుతో నింపియుందురు. తార్కికులు అనవస్థ యని, అనగా అంతములేని యాధారపరంపర యని, దూషించునది యిదియే. ఎచ్చటనో యొకచోట నమ్మి నిలువక తప్పదు.

వ్రాసినదానిని తిరిగి చదివి సరిచూచు వెరిఫై సదుపాయము చాలునందుమా, ఆ చదువునదియు అదే పరికరము. ఎనిమిది కాళ్ల చిప్పునకు బిగించిన క్లిప్పు సరిగా తాకనియెడల, చదివిన ఫైలు తఱచుగా ఆద్యంతము ఎఫ్‌ఎఫ్ అను బైట్లతో నిండును; మఱల చదివినను అవే వచ్చును. రెండు ప్రతులును అక్షరము తప్పక సరిపోలును, రెండును అసత్యములే. చెఱిపిన చిప్పునందును ఎఫ్‌ఎఫ్‌లే యుండుటచే, చిప్పు ఖాళీగా నున్నదను భ్రాంతియు తోడగును. కావున ముందుగా చిప్పు గుర్తింపు సంఖ్యను అడుగవలెను: విన్‌బాండ్ 25క్యూ64 అయినచో సామాన్యముగా ఈఎఫ్, 40, 17 అని బదులు రావలెను.

నైయాయికుని పరీక్ష, అనగా యంత్రము మేల్కొని పనిచేయుట, ఫలము కలిగిన పిదపనే లభించును. ప్రతి యుంచుకొనక చెఱిపివేసిన బయోస్ విషయమున ఆ పిదపటి జ్ఞానము నిరుపయోగము. అందుచేత చెఱుపుటకు పూర్వము మీమాంసకుని మార్గమే శరణ్యము: కారణదోషములను వెదకవలెను. సామాన్యముగా దొరకు నల్లని సీహెచ్341ఏ బోర్డు, చిప్పునకు 3.3 వోల్టుల విద్యుత్తు నిచ్చుచునే, సంకేతములు పోవు కాళ్లపై 5 వోల్టులు చూపునను దోషము జగద్విదితము, మల్టీమీటరుతో నెవరైనను కొలిచి చూడవచ్చును, సవరించుకొనవచ్చును, 1.8 వోల్టుల చిప్పులకు అడాప్టరు వాడవచ్చును. పలువురు వాడి, తప్పులెన్ని, ఫ్లాష్‌రామ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో పరీక్షించిన చవక పరికరము, దోషము లెవరికిని తెలియని ప్రియమైన పరికరము కంటె నమ్మదగినది. ఏలయన స్వతఃప్రామాణ్యవాది కోరిన కారణపరీక్షకు మనచేతికి అందునది యదియే.