రెండు ఫోటోలు, ఒక లోతు

స్టీరియోస్కోపులో కనిపించే లోతు కాగితం మీద లేదు. అట్టపై పక్కపక్కన అతికించిన రెండు ఫోటోలూ చదునైనవే. మనిషి రెండు కళ్ల మధ్య దూరం సుమారు 65 మిల్లీమీటర్లు. ఆ ఎడం వల్ల దగ్గరి వస్తువు ఒక కంటికి ఒకచోట, రెండో కంటికి కాస్త పక్కన కనిపిస్తుంది. దూరపు వస్తువులో ఆ తేడా తగ్గిపోతుంది. అలాగే కాస్త ఎడంగా తీసిన ఈ రెండు ఫోటోలను అద్దాల్లోంచి చూసినప్పుడు మనసు వాటిని ఒకటిగా కలిపి, తేడాను లోతుగా గ్రహిస్తుంది. ఆ లోతు సత్యమా, భ్రాంతా?

ఈ ప్రశ్న ఫోటోగ్రఫీ లోకానికి వెల్లడి కాకముందే పుట్టింది. ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ 1838లో ఈ సూత్రాన్ని గీతల బొమ్మలతోనే వివరించాడు. 1849లో బ్రూస్టర్ కటకాల పెట్టె, 1861లో అమెరికాలో హోమ్స్ చేతి పరికరం వచ్చాయి. హోమ్స్ దానికి పేటెంటు తీసుకోలేదు. అది విస్తారంగా వ్యాపించడానికి అదీ ఒక కారణం. తర్వాత కాళ్లు మడిచి జేబులో వేసుకునే రకాలు వచ్చాయి. విమానం నుంచి తీసిన ఫోటోల జతలను వాటి కింద పెట్టి భూగర్భ శాస్త్రజ్ఞులు కొండల ఎత్తుపల్లాలు చదివేవారు. పాత వస్తువుల సేకర్తలు నేడు వెతుకుతున్న మడత స్టీరియోస్కోపుల్లో ఇవీ ఉన్నాయి.

కనిపించేది సత్యమా, భ్రాంతా అన్న ఈ విచారణ కర్ణాటకలోని రాయచూరు సీమకు పరాయిది కాదు. హరికథామృతసారం రచించిన జగన్నాథదాసు ఇదే జిల్లాలోని మానవిలో నివసించాడు. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన మంత్రాలయం తుంగభద్ర ఒడ్డునే ఉంది.  వీరిద్దరూ అనుసరించిన, ఈ నేల మీద వేళ్లూనిన మధ్వ మతానికి భేదం సత్యం.

తాడులో తోచిన పాము గురించి అద్వైతులు చెప్పేది వేరు. అది కనిపించింది కనుక అసత్తు (లేనిది) కాదు, తర్వాత బాధితమైంది, అంటే నిజం కాదని తేలింది కనుక సత్తూ (ఉన్నదీ) కాదు, అది అనిర్వచనీయం. స్టీరియోస్కోపు లోతుకు ఈ మాట అతికినట్టు సరిపోతుంది: ఒక కన్ను మూస్తే లోతు మాయం. మాధ్వులు మాత్రం తాడు సత్యమనీ, పాము అసత్తనీ, అసత్తే సత్తుగా తోచిందనీ అంటారు. ఇక్కడ తాడు స్థానంలో ఉన్నది రెండు ఫోటోల మధ్య తేడా. ఒకే ఫోటో ప్రతులు రెండు పెడితే లోతు ఏర్పడదు. ఎడమది కుడికీ, కుడిది ఎడమకూ మార్చితే దగ్గరిది దూరంగా, దూరపుది దగ్గరగా తోస్తుంది. అంటే ఈ భ్రాంతి ఇష్టం వచ్చినట్టు కలగదు. నిజమైన భేదాన్ని అనుసరించే కలుగుతుంది. పైగా ఆ లోతును బట్టి కొలిచిన కొండ ఎత్తు నేల మీద సరిపోతుంది. తాడులోని పాము ఎవరినీ కరవదు గానీ ఈ లోతు పనికొస్తుంది. ఈ ఒక్క విషయంలో మాధ్వుల పక్షమే బలమైనది. అయితే జగత్తు అంతటి గురించీ ఒక పరికరం తీర్పు చెప్పలేదు.

సేకర్తలు కూడా ఈ భేదాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఇత్తడి మెరుపు చూసి పరికరాన్ని దాచి, ఫోటోల జతలను విడదీసి అమ్మేవారున్నారు. జత విడిపోయిన ఫోటో మామూలు ఫోటోయే. ఆ జత లేని స్టీరియోస్కోపు ఒట్టి అద్దాల చట్రం.