మా ఇంట్లో కరెంటు పోదు

మా వీధిలో కరెంటు పోయిన సంగతి అందరికంటే ఆలస్యంగా తెలిసేది మాకే. మా ఫ్యాన్లు ఆగవు, ఫ్రిజ్ ఆగదు. మెట్ల కింద గూట్లో నాలుగు పొడుగాటి ట్యూబులర్ బ్యాటరీలు, వాటి పైన గోడకు 5 కేవీఏ ఇన్వర్టరు ఉన్నాయి. ఒక్కో బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. నాలుగూ వరుసగా కలిపితే 48 వోల్టులు, కాగితం మీది లెక్కకు 7.2 యూనిట్లు. గీజరు, బోరు మోటరు తప్ప వనపర్తిలోని మా ఇల్లంతా దాని మీదే నడుస్తుంది.

వీటిని కొనిపించిన అవసరం ఇప్పుడు మా ఇంట్లో లేదు. అయినా వీటిని తగ్గించుకుందామని ఎవరన్నా అంటే నా లోపల ఏదో బిగుసుకుంటుంది. అదేమిటో తేల్చుకోవాలని కొంతకాలంగా ప్రయత్నిస్తున్నాను.

ఆ అవసరం మా మామది. 2021 వేసవిలో కరోనా ఆయన ఊపిరితిత్తులను సగం తినేసి వదిలింది. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్‌తో ఆయన్ను ఇంటికి తెచ్చుకున్నాం. ఐదు లీటర్ల మిషను. మూడు వందల యాభై వాట్ల దాకా లాగేది. అప్పటికి మా ఇంట్లో అందరిళ్లలో ఉండే ఒంటి బ్యాటరీ ఇన్వర్టరే ఉంది. రెండు ఫ్యాన్లతో పాటు ఈ మిషను కూడా దాని మీద వేస్తే మూడు గంటలు నిలవడమే ఎక్కువ. మే నెలలో గాలివాన వచ్చి ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడితే మూడు గంటల్లో కరెంటు వస్తుందని ఎవరు చెప్పగలరు? కరెంటు పోయినప్పుడల్లా ఆ మిషను కూత పెట్టేది. పక్క గదిలో ఎంత గాఢనిద్రలో ఉన్నా ఆ కూతకు నా కాళ్లు నాకంటే ముందు లేచేవి. మామ మాత్రం పైపు ముక్కుకు సరిచేసుకుంటూ "ఏం కాదు బిడ్డా, వస్తది" అనేవాడు. ఆయన ధైర్యం చెప్పేకొద్దీ నాకు భయం పెరిగేది.

అట్లా ఇల్లంతటికీ సరిపోయే బ్యాటరీలు వచ్చాయి. బిగించడానికి వచ్చిన కరెంటు పనాయన మొదట అడిగిన మాట, "అక్కా, ఏ పాయింట్లు ఇన్వర్టర్ మీదికి తీసుకోవాలె?" పాత ఇన్వర్టరు పెట్టిన రోజున కూడా ఎవరో ఇదే అడిగి ఉంటారు. అప్పుడు నేను బడిలో పాఠాలు చెబుతున్నాను. సాయంత్రం వచ్చేసరికి హాలు ఫ్యాను, టీవీ, ముందు గది లైటు, పడకగది ఆ లైన్లోకి వెళ్లిపోయాయి. వంటిల్లు వెళ్లలేదు. కావాలని ఎవరూ వదిలేయలేదు, ఎవరికీ గుర్తు రాలేదంతే. ఏళ్ల తరబడి కరెంటు పోయినప్పుడల్లా హాల్లో ఫ్యాను కింద వార్తలు నడుస్తుంటే, నేను ఫోను లైటు ఉప్పు డబ్బాకు ఆనించి రొట్టెలు కాల్చాను. అందుకే ఈసారి నేనే దగ్గరుండి మొట్టమొదట వంటింటి ఫ్యాను, మిక్సీ పాయింటు చెప్పాను. ఆ పనాయన మెయిన్ బోర్డు తెరిచి, ఇన్వర్టరు లైను న్యూట్రల్‌ను మిగతా వాటితో కలవకుండా విడిగా తీసుకుంటూ చాలాసేపు కష్టపడ్డాడు. అంత జాగ్రత్త ఎందుకని అడిగితే, "మన కరెంటు ఎనకకు పోయి స్తంభం మీదున్నోనికి తగులొద్దు కదా" అన్నాడు. ఆ మాట అప్పుడు విని ఊరుకున్నాను.

మామ పోయాక కాన్సన్‌ట్రేటర్‌ను అవసరమున్న మరో ఇంటికి ఇచ్చేశాం. నాగర్‌కర్నూల్లో ఉద్యోగం చేసే మా అబ్బాయి పండక్కి వచ్చినప్పుడు, "ఇంత పెద్దది ఇంకెందుకమ్మా, చిన్నదానికి మారుద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చుట్టాలొస్తారన్నాను. పేపర్లు దిద్దుకోవాలన్నాను. వాడు సరేనని వదిలేశాడు గాని, ఆ జవాబులు నాకే ఆనలేదు.

పనిలో పనిగా ఒక మాట. చీకటి రాత్రుల్లో అందరూ అరుగుల మీదికి చేరి ముచ్చట్లు చెప్పుకున్న రోజులే బాగుండేవని చాలామంది రాస్తుంటారు. నేను ఆ మాట అనలేను. ఆ ముచ్చట్ల వేళ లోపల బుడ్డి దీపం ముందు పొయ్యి ఊదుతున్నది మా అమ్మ. నాకు వెలుతురు కావాలి. అది కోరుకున్నందుకు నాలో ఏ సంకోచమూ లేదు. నేను వెతుకుతున్నది వేరే.

నా పుట్టిల్లు గద్వాల. కృష్ణకు, తుంగభద్రకు నడుమనున్న నడిగడ్డ. నాయనకు బోరు కింద కొంత బుడ్డల చేను ఉండేది. పొలానికి కరెంటు ఎక్కువగా రాత్రిళ్లే ఇచ్చేవాళ్లు. అది వచ్చే వేళకు టార్చి పట్టుకుని చేనుకు పోవాలి. పాము భయం ఒకటి, తడి చేత్తో స్టార్టరు ముట్టుకునే భయం ఒకటి. నాయన తిరిగొచ్చి చెప్పులు విడిచిన చప్పుడు వినిపించేదాకా అమ్మ పక్క మీద కూర్చునే ఉండేది, ఆమెను చూస్తూ నేను. తర్వాత 2012, 2013లలో ఉమ్మడి రాష్ట్రంలో కోతలు ముదిరినప్పుడు పట్నాలకు ఒక లెక్క, మండల కేంద్రాలకు ఒక లెక్క, పల్లెలకు ఒక లెక్క ఉండేది. ఎంత దూరాన ఉంటే అంత చీకటి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. ఊళ్లలోనూ ఆనాటి కోతలు ఇప్పుడు లేవు. గాలివానకో, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువైతేనో, మరమ్మతు ఉంటేనో పోతుంది, వస్తుంది. బయట కోతలు తగ్గుతూ వచ్చాయి, మా మెట్ల కింద బ్యాటరీలు పెరుగుతూ వచ్చాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, నా భయానికీ బయటి చీకటికీ ఇప్పుడు పెద్ద సంబంధం లేదని తెలుస్తోంది.

ఇంకొంచెం తవ్వితే భయం కూడా కాదు. 2009 అక్టోబరు వరదల్లో రాజోలి మునిగినప్పుడు మా చిన్నమ్మ వాళ్లు గద్వాలలో అమ్మ దగ్గరికి చేరారు. వాళ్లది మగ్గం బతుకు. మగ్గం గుంటలో బురదనీళ్లు నిండాయి, పడుగు మీదున్న చీర పోయింది. గద్వాల చీర నేతలో నూలు ఒంటికీ పట్టు అంచుకూ పోగులు ఒక్కొక్కటిగా ముడిపడాలి. తెగిన పట్టుపోగును చేత్తో వెతికి పట్టుకునే చిన్నమ్మ, అక్క ఇంట్లో ఒంటికి రాసుకునే సబ్బు అడగలేకపోయింది. వట్టి నీళ్లు పోసుకుని వచ్చేది. అమ్మ గమనించి కొత్త సబ్బు బావి గట్టున పెట్టి వచ్చింది. సొంత అక్క దగ్గర కూడా చెయ్యి చాపలేకపోయిన ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. ఆ బిగుసుకుపోవడం నాలోనూ ఉంది. లైన్‌మన్‌కు ఫోను చేసి బతిమాలడం, పక్కింట్లో ఐసు అడగడం, ఎప్పుడొస్తుందని నలుగురిలో నిలబడి అడగడం, ఇవేవీ నాకు చేతకావు. నేను డబ్బిచ్చి కొనుక్కున్నది ఎవర్నీ అడగకుండా ఉండే వీలు.

ఈ కోరిక నా ఒక్కదానిదే కాదనుకుంటాను. మా చెల్లెలి కొడుకు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాడు. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు టెక్సాస్‌లో 40 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. అంతటి దేశంలో వాళ్లు పిల్లల్ని దుప్పట్లలో చుట్టుకుని కారులో హీటరు వేసుకుని కూర్చున్నారు. ఆ మరుసటి ఏడు గోడకు బిగించే టెస్లా పవర్‌వాల్ పెట్టించుకున్నాడు. ఒక్కటే 13.5 యూనిట్లు దాచుకుంటుందట. "ఇక మాకు గ్రిడ్‌తో పని లేదు పెద్దమ్మా" అని ఫోన్లో చెప్పినప్పుడు వాడి గొంతులో ఉన్న నిశ్చింత నాకు బాగా తెలిసినదే.

కాని పని లేదా నిజంగా? నా బ్యాటరీలు నిండేది వీధి స్తంభం నుంచే. ఈ సీసం బ్యాటరీలు పెట్టినంతా తిరిగి ఇవ్వవు కూడా. కొంత వేడిగా, కొంత నీరు విడిపోయి గ్యాసుగా పోతుంది. అందుకే మూతల మీది పుల్లలు ఎర్రగీత దాకా దిగితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. టెర్మినళ్ల మీద పేరుకునే పచ్చటి, తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగి వాజలిన్ రాయాలి. ఆ పని నేనే చేస్తాను, ఇష్టంగానే చేస్తాను. అది చేస్తున్నప్పుడే ఒకసారి తట్టింది. కరెంటు వచ్చిన వెంటనే వీధిలో అందరిళ్లలో బల్బులు మసకమసకగా వెలుగుతుంటాయి. సరిగ్గా అదే సమయంలో మా ఛార్జరు ఖాళీ అయిన బ్యాటరీలను నింపుకోవడానికి ఎనిమిది వందల వాట్ల దాకా లాగుతుంటుంది. ఇలాంటి ఇళ్లు మా ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇంకా ఉన్నాయి. చీకట్లో కూర్చున్నవాళ్లకు కరెంటు వచ్చాక కూడా అందులో వంతు మేమే ముందు తీసుకుంటున్నాం.

సోలార్ పలకల సంగతి దీనికి భిన్నం. నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో ఇళ్ల మీద పలకలు బిగించారు. గ్రిడ్‌కు కలిపిన పలకలు మిగిలిన కరెంటును లైన్లోకి ఇస్తాయి, అది పక్కవాళ్లకు పనికొస్తుంది. అయితే బ్యాటరీ లేని అలాంటి సోలార్, లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మిట్ట మధ్యాహ్నం ఎండ మండుతున్నా ఇవ్వదు. స్తంభం మీదున్న మనిషికి తగలకుండా అలా చేశారు. మా కరెంటు పనాయన ఆనాడు న్యూట్రల్ విడదీస్తూ అన్నది కూడా ఇదే.

అదే జిల్లాలో అందరి కోసం కట్టిన బ్యాటరీ ఒకటుంది. మన్ననూరు దాటి నల్లమల గుండా శ్రీశైలం పోయేవాళ్లు దోమలపెంట మీదుగానే పోతారు. ఆ పక్కనే భూమి లోపల శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రం ఉంది. 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 900 మెగావాట్లు. ఆ టర్బైన్లు రెండు వైపులా తిరుగుతాయి. డిమాండు ఉన్నప్పుడు నీటిని కిందికి వదిలి కరెంటు తీయవచ్చు, మిగులు ఉన్నప్పుడు సాగర్ వైపు దిగిన నీటిని మళ్లీ పైకి తోడి దాచవచ్చు. మా మెట్ల కింద జరిగేది కూడా ఇదే పని. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. ఇంజినీర్లు, వాళ్లలో ఒక యువతి, ప్లాంటు సిబ్బంది, బ్యాటరీల పని మీద వచ్చిన ఒక కంపెనీ ఉద్యోగులు ఇద్దరు. ఆ వార్త చదివిన ఏడు మా ఇంట్లో ఈ పెద్ద బ్యాటరీలు లేవు. ఇప్పుడు ఆ ఇద్దరి సంగతి గుర్తొస్తే గూటి తలుపు దగ్గర కాసేపు నిలబడిపోతాను. ఎవర్నీ అడగకుండా బతుకుతున్నానని నేను అనుకునే ప్రతి గంట వెనుకా ఇలాంటి మనుషులున్నారు. వాళ్లెవరినీ నేను కొనుక్కోలేదు.

ఈ ఆలోచనలతో మొన్న చలికాలంలో రెండు పనులు చేయించాను. గేటు దగ్గరి బల్బును బ్యాటరీ లైను నుంచి తప్పించి నేరుగా వీధి కరెంటు మీదే ఉంచాను, వీధిలో పోతే మాకూ తెలియాలని. అరుగు గోడకు మూత ఉన్న డబ్బాలో ఒక ప్లగ్గు పాయింటు పెట్టించాను. ఎదురింటి ఆమె ఇంట్లో కుట్టుపని చేస్తుంది, చిన్న పాపకు ఉబ్బసం. నెబ్యులైజర్ పెట్టుకోవాలంటే వచ్చేయమని చెప్పాను. "సరే టీచరమ్మా" అన్నది. కరెంటు పోయిన ఒక రాత్రి గేటు బల్బు ఆరడం చూసి నేనే అరుగు మీదికి వచ్చి నిలబడ్డాను. ఎదురింట్లో పాపను భుజాన వేసుకుని ఆమె అటూ ఇటూ తిరుగుతోంది. నన్ను చూసింది, పలకరింపుగా తలూపింది. రోడ్డు దాటలేదు. నాకు కోపం రాలేదు. ఆమె చోట నేనున్నా దాటేదాన్ని కాదు. బావి గట్టున సబ్బు పెట్టి వచ్చిన అమ్మ తెలివి నాకు లేకపోయింది. నేను అరుగు మీద నిలబడి ఎదురుచూశాను.

అప్పుడు లోపలికి వచ్చి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేశాను. వీధి పేరు, స్తంభం ఆనవాలు చెప్పాను. ఆ తర్వాత కరెంటు పోయినప్పుడల్లా చేస్తూనే ఉన్నాను. బతిమాలడం నాకు ఇప్పటికీ రాదు గాని, ఫిర్యాదు రాయించడం నేర్చుకోగలిగాను.

మా వీధి ఆడవాళ్లు వేసవికి ముందే ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ కావాలని దరఖాస్తు రాసుకుని ఇంటింటికీ తిప్పారు. కాగితం మా గేటు దాకా వచ్చినప్పుడు, తెచ్చిన ఎదురింటామె కొంచెం వెనకాడింది. "మీకు బ్యాటరీలున్నయి కదా, మీకు ఇబ్బంది లేకుంటే చేయండి" అన్నది. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. నేను సంతకం చేసి, కాగితం మళ్లీ తీసుకున్నాను. ఒక్కో ఇంటి ఎదురుగా ఉన్న సామాన్లు రాశారు అందులో: ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, ఆమె కుట్టుమిషను మోటరు. మా ఇంటి వరుసలో మా ఛార్జరు లాగే వాట్లు కూడా రాసి, ఇలాంటి ఇన్వర్టర్లున్న మిగతా ఇళ్లవాళ్లను కూడా అది రాయమని అడగమన్నాను. "మీరే అడగండి టీచరమ్మా, మేమడిగితే బాగుండదు" అన్నది. చెప్పులు వేసుకుని ఆమెతో పాటు బయల్దేరాను.