రెండవవాని హృదయము



ఒకని వంతు రావలెనన్న మరియొకడు పడవలసియుండు స్థలములు ఈ లోకములో అనేకము కలవు. పెద్ద ఉపదేశి మంచము పట్టిననే గాని చిన్న ఉపదేశికి ప్రసంగపీఠము దొరకదు. ముందు నిలిచి పాట ఎత్తువాని గొంతు బొంగురుపోయిననే గాని వెనుక వరుసలోనివాని స్వరము వినబడదు. అట్టి స్థలమున నిలిచినవాడు తన వంతుకొరకు సిద్ధపడుట ధర్మమే. అయితే మొదటివాని కీడును కోరకయే అతడు సిద్ధపడగలడా? ఈ ప్రశ్న ముప్పది సంవత్సరములుగా నన్ను విడువలేదు గనుక మీ యెదుట పెట్టుచున్నాను.

ముందుగా నా దోషమును చెప్పుకొందును. నేను వేదాంత పాఠశాల విడిచిన పిమ్మట ఒక పెద్ద సంఘములో వృద్ధుడైన కాపరిగారి క్రింద సహాయకుడనుగా చేరితిని. పల్లెలు తిరుగుట, బాప్తిస్మపు పుస్తకము వ్రాయుట, పిల్లలకు కంఠత వాక్యములు నేర్పుట నా పని. ఆదివారపు ప్రసంగము ఆయనది. నాలుగు సంవత్సరములు ఇట్లు గడచెను. ప్రతి శనివారము రాత్రి నేనొక ప్రసంగము వ్రాసికొని పెట్టెలో దాచెడివాడను. ఒక శనివారము ప్రొద్దుగ్రుంకు వేళ, అయ్యగారికి విషజ్వరము తగిలినదనియు, మరునాటి ఆరాధన నేనే జరిపింపవలెననియు కబురు వచ్చెను. "అయ్యో!" అని నా నోరు పలికెను. కాని నోటికంటె ముందుగా నా గుండె సంతోషముతో ఎగిరెను. కబురు తెచ్చిన పిల్లవాడు దానిని చూడలేదు. దేవుడు చూచెను, నేనును చూచితిని.

ఇటీవల అమెరికా దేశములో ఒక వేదాంత విద్యాలయమునకు అధ్యక్షుడుగా నుండిన ఫ్రాంక్ రైక్ అను ఆయన చరిత్రను చదువుచుండగా ఆ శనివారము మరల నా జ్ఞాపకమునకు వచ్చెను. ఏలయనగా ఆయన ఆ విద్యాలయమునకు రాకముందు జీతము పుచ్చుకొని ఆడు ఆటగాడు. ఆటలో ఆయన స్థలము రెండవవాని స్థలము.

ఆ ఆట మన గ్రామములలో ఎవరును చూచినది కాదు గనుక కొంచెము వివరింపవలెను. దానికి ఫుట్‌బాల్ అని పేరే గాని, అమెరికావారు అందులో బంతిని కాలితో తన్నుట తక్కువ; చేతపట్టి పరుగెత్తుటయు, విసరుటయు ఎక్కువ. ఒక్కొక్క పక్షమున 11 మంది నిలుతురు. మైదానము 100 గజముల పొడవు. బంతిని ఎదుటివారి కొనకు చేర్చినచో 6 పాయింట్లు, ఆ మీదట దానిని రెండు గుంజల నడుమనుండి తన్నినచో మరి ఒకటి వచ్చును. దూరమునుండియే గుంజల నడుమకు తన్నినచో 3 వచ్చును. బంతి పట్టిన పక్షమున ఆట నడిపించువానిని క్వార్టర్‌బ్యాక్ అందురు. ఎదుటి బలశాలులు మీదికి దుముకుచుండగా, బంతిని ఎవరికి విసరవలెనో రెండు మూడు క్షణములలో అతడు నిర్ణయింపవలెను. తక్కిన ఆటగాండ్రను అలసినప్పుడెల్ల మార్చుదురు. ఇతనిని అట్లు మార్చరు. మొదటివాడు బాగుగా నున్నంతకాలము రెండవవాడు గీత వెలుపలనే నిలుచును. గాయమో, ఘోరమైన ఓటమియో సంభవించిననే గాని వానికి పిలుపు రాదు.

రైక్‌గారు 1961లో జన్మించి, పెన్సిల్వేనియా రాష్ట్రములో లెబానోను అను మన బైబిలు పేరే గల పట్టణములో పెరిగిరి. మేరీలాండు విశ్వవిద్యాలయమున చేరినప్పుడు అక్కడ మొదటివాడు వేరొకడు గనుక ఈయన కాచుకొనియుండెను. చివరి సంవత్సరమైన 1984లో స్థలము చిక్కినది; కాని కొద్ది ఆటలకే భుజము గాయపడగా అది మరియొకనికి పోయెను. అనగా ఇతరులు పడుటవలన లేచుట ఎట్టిదో తెలియకముందే, తాను పడుటవలన ఇతరుడు లేచుట ఎట్టిదో ఆయన నేర్చుకొనెను. ఆ సంవత్సరము నవంబరు 10వ తేదీన మయామీ విశ్వవిద్యాలయముతో ఆడుచుండగా సగము ఆట ముగియునప్పటికి మేరీలాండువారు 31కి సున్నగా వెనుకబడిరి. అప్పుడు ఈయనను పంపిరి. ఆట ముగియునప్పటికి మేరీలాండు 42, మయామీ 40.

1985లో బఫలో పట్టణపు బిల్స్ జట్టువారు ఆయనను చేర్చుకొనిరి. మరుసటి సంవత్సరము జిమ్ కెల్లీ అను గొప్ప క్వార్టర్‌బ్యాక్ ఆ జట్టునకు వచ్చెను. ఇక రైక్‌గారు మరల రెండవవాడే. ఆరంభమునుండి ఆట నడుపు అవకాశము ఆయనకు మొదటిసారి 1989లో, అనగా ఐదవ సంవత్సరములో, కెల్లీ గాయపడినప్పుడు కలిగెను. మూడు ఆటలు ఆడి మూడింటను గెలిచెను. కెల్లీ స్వస్థపడి రాగానే స్థలము ఆయనకప్పగించి గీత వెలుపలికి వెళ్లెను.

1992వ సంవత్సరపు చివరి ఆటలలో కెల్లీ మోకాలు గాయపడెను. 1993 జనవరి 3వ తేదీన హూస్టను ఆయిలర్స్ అను జట్టుతో ఓడినవారు ఇంటికి పోవలసిన ఆట. సగమునకు హూస్టను 28, బఫలో 3. మరల ఆరంభింపగానే రైక్‌గారు విసరిన బంతి ఎదుటివాని చేత చిక్కి, అతడు దానితో పరుగెత్తి కొన చేరెను. 35కి 3. చూడవచ్చినవారిలో అనేకులు లేచి ఇండ్లకు పోవుచుండిరి. తన చేతినుండి పోయిన బంతియే జట్టును గోతిలో త్రోసెనని తెలిసిన మనుష్యుడు ఆ ఘడియలో ఏమి చేయును? ఆయన తరువాతి బంతి అందుకొనెను. ఆ రెండవ సగములో నాలుగుసార్లు ఆయన విసరిన బంతి కొన చేరెను. కాలము ముగియునప్పటికి ఇరుపక్షములును 38. అదనపు కాలములో బఫలో మూడు పాయింట్లు తన్ని 41కి 38గా గెలిచెను. 32 పాయింట్ల లోటును పూరించుట ఆ ఆటల చరిత్రలో అదివరకెన్నడును జరుగలేదు. ఆట తరువాత విలేఖరులు చుట్టుముట్టగా, ఆయన తన్ను పొగడుకొనక, క్రీస్తును గూర్చిన ఒక పాట మాటలను వారికి చదివి వినిపించెను.

మరుసటి వారము పిట్స్‌బర్గు జట్టును 24కి 3గా గెలిచెను. ఆ తరువాతి వారము కెల్లీకి మోకాలు బాగాయెను. ప్రియులారా, ఇక్కడ కొంచెము ఆగుడి. దేశమంతయు తన పేరు చెప్పుకొనుచున్న దినములలో ఆయన స్థలమును తిరిగి ఇచ్చివేసెను. ఆ ఆటను కెల్లీ నడిపించి గెలిచెను. రైక్‌గారు గీత వెలుపల నిలిచిరి.

ఇంతటితో ఆపినయెడల మన చెవులకు ఇంపుగా నుండును. కాని చరిత్ర ఆగలేదు. జనవరి 31వ తేదీన సూపర్ బౌల్ అను అంతిమ పోటీలో కెల్లీ మరల గాయపడగా రైక్‌గారు లోపలికి వెళ్లిరి. ఈసారి అద్భుతము జరుగలేదు. డల్లాసు జట్టు 52, బఫలో 17. నాలుగు వారముల క్రింద ఏ మనుష్యుడో ఇప్పుడును ఆ మనుష్యుడే. అదే విశ్వాసము, అదే సిద్ధపాటు. గెలుపు దేవుని మెప్పునకు గురుతని చెప్పువారు ఈ ఓటమిని గూర్చి ఏమి చెప్పుదురు? పంట పండిన ఏట దేవుడు మనవాడనియు, ఎండిన ఏట మనలను మరచెననియు అనుకొను అలవాటు మన పల్లెలలోను కలదు గదా.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. ఆయన హృదయము దేవునికే తెలియును. నేను చూడగలిగినది ఆ స్థలముయొక్క పని మాత్రమే. రెండవ క్వార్టర్‌బ్యాక్ ఊరక నిలుచువాడు కాడు. వారమంతయు మొదటివానితోకూడ కూర్చుండి ఎదుటివారి పన్నాగములను చదువును. ఆట జరుగుచుండగా తాను గమనించినదానిని మొదటివానికి చెప్పును. అతడు ఎంత బాగుగా చెప్పునో మొదటివాడంత బాగుగా ఆడును. మొదటివాడెంత బాగుగా ఆడునో రెండవవాని వంతు అంత దూరమగును. తన వంతును దూరము చేయు పనిని దినదినము నమ్మకముగా చేయుటయే అతని ఉద్యోగము!

ఇది చదివినప్పుడు నా దోషమెక్కడ నున్నదో నాకు తెలిసెను. నేను ప్రసంగములు వ్రాసి దాచితిని గాని, వాటిలో ఒక్క మంచి తలంపునైనను అయ్యగారికి ఇచ్చి ఆయన ప్రసంగమును బలపరచలేదు. పల్లెలలో నేను విన్న దుఃఖములను ఆయనకు చెప్పి, ఆదివారమున ఆ గాయములకు మందు వేయనీయలేదు. నేను పీఠముకొరకు సిద్ధపడితినే గాని సంఘముకొరకు సిద్ధపడలేదు. పీఠముకొరకు సిద్ధపడువానికి మొదటివాని ఆరోగ్యము అడ్డుగోడ. సంఘముకొరకు సిద్ధపడువానికి అది తన సంతోషమే. నా గుండె ఎగిరినది ఒక్క శనివారపు పాపము కాదు. నాలుగు సంవత్సరముల శనివారములు దానికి విత్తనము వేసినవి.

అయితే ఒకరు అడుగవచ్చును: "అయ్యగారూ, ఆయనకు ఒక్కనాడైనను వంతు వచ్చినది. ఎన్నడును రానివాని సంగతి ఏమి?" ఇది న్యాయమైన మాట. అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయమును చూడుడి. యూదా విడిచిన స్థలమునకు ఇద్దరిని నిలువబెట్టిరి. చీటి మత్తీయ పేరట వచ్చెను. రెండవవాడు బర్సబ్బా అనబడిన యోసేపు. మొదటినుండి ప్రభువును వెంబడించినవాడే. ఆ దినమున తరువాత లేఖనము అతనిని గూర్చి మరేమియు చెప్పదు. అతడు అలిగి ఇంటికి పోయెననియు వ్రాయబడలేదు. వేసవి దుక్కి దున్నిన రైతు వాన రాని ఏట సోమరి అనబడునా? దుక్కి రైతుది, వాన దేవునిది. వాన రాలేదని దున్నినవానిని దేవుడు లెక్క అడుగడు.

రైక్‌గారు 1998వ సంవత్సరపు ఆటల పిమ్మట ఆట విడిచి వేదాంతము చదివి, 2003 మొదలు 2006 వరకు షార్లట్ పట్టణములోని రిఫార్మ్‌డ్ వేదాంత విద్యాలయ శాఖకు అధ్యక్షులుగా నుండిరి. కొంతకాలము సంఘ కాపరిగాను పనిచేసిరి. తరువాత శిక్షకులై ఆటకు తిరిగి వచ్చిరి. 2018 ఫిబ్రవరి 4వ తేదీన ఫిలడెల్ఫియా జట్టు సూపర్ బౌలును 41కి 33గా గెలిచినప్పుడు ఆయన ఆ జట్టు శిక్షకులలో ఒకరు. గాయపడిన మొదటివాని స్థలమున ఆ దినము ఆట నడిపినవాడు నిక్ ఫోల్స్ అను రెండవవాడు. పిమ్మట ఇండియానాపోలిసు జట్టునకు ప్రధాన శిక్షకులై, 2022 నవంబరులో తొలగింపబడిరి. ఆ డిసెంబరు 17వ తేదీన అదే జట్టు 33కి సున్నగా ముందుండి కూడ మిన్నెసోటా చేత 39కి 36గా ఓడెను. దానితో దాదాపు ముప్పది ఏండ్లు నిలిచిన 32 పాయింట్ల కీర్తి బఫలోను విడిచిపోయెను. 2023లో మరియొక జట్టువారును ఆయనను తొలగించిరి. లోకపు కిరీటములు ఇట్టివే. ఆయన 2025లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు జట్టునకు ఒక్క సంవత్సరముకొరకు తాత్కాలిక శిక్షకులుగా పనిచేసిరి. అరువది దాటిన వయస్సునను, మరియొకరు వచ్చువరకు కాయుట ఆయన చిన్నతనముగా ఎంచలేదు.

ఇక నా కథ ముగింతును. ఆ ఆదివారము నేను ప్రసంగించితిని, జనులు మెచ్చిరి. సాయంకాలము అయ్యగారిని చూడబోతిని. ఆయన కన్నులు తెరచి, "ఏ వాక్యము తీసికొంటివయ్యా?" అని అడిగి, జ్వరములోనే ప్రసంగమంతయు చెప్పించుకొని విని, "సంఘమునకు మేత దొరికినది, చాలును" అనెను. ఆయన సంతోషము నన్ను గద్దించినట్లు ఏ గద్దింపును గద్దింపలేదు. ఆయనయొద్ద నా దోషమును ఒప్పుకొనుటకు ధైర్యము చాలలేదు. ఇప్పుడు ఆయన ప్రభువునొద్ద నున్నారు. అందుకే మీయొద్ద ఒప్పుకొనుచున్నాను.

రెండవ స్థలమున నున్న సహోదరుడా, నీ ముందున్నవాని ఆరోగ్యముకొరకు పేరుపెట్టి ప్రార్థించుము. నీ కంటికి కనబడిన మేలును అతనికి చెప్పుము. పిలుపు వచ్చిన వెళ్లుము. అతడు తిరిగి వచ్చిన ఇచ్చివేయుము.

మొదటి స్థలమున నున్న పెద్దలారా, మనకును ఒక మాట కలదు. మనము మంచము పట్టువరకు చిన్నవారికి వంతు రానీయకుండుట వారిని శోధనలో పడవేయుట కాదా? నాయొద్ద ఇప్పుడొక యౌవన సహాయకుడున్నాడు. వచ్చు నెల మొదటి ఆదివారమున, ప్రభువు చిత్తమైతే, నేను ఆరోగ్యముగానే ఉండి, వెనుక బల్లమీద కూర్చుండి అతని ప్రసంగము వినెదను. నా గుండె ఆ ఘడియలో ఏమి చేయునో చూచుకొందును. నాకొరకు ప్రార్థించుడి.