గాలిని కొట్టువాడెవడు?

ధ్యానమునకు: 1 కొరింథీ 9:24–27, యోహాను 18:19–23



నిజామాబాదు బిడ్డయైన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో న్యూఢిల్లీలోను బాక్సింగులో ప్రపంచ విజేతగా నిలిచినది. అట్టి వార్త విన్న పల్లె యౌవనులకు తామును నేర్చుకొనవలెనను ఆశ పుట్టుట సహజమే. అయితే తలిదండ్రుల మనస్సులో ఒక ప్రశ్న లేచును: “అయ్యగారూ, రెండవ చెంప త్రిప్పుమన్న ప్రభువుయొక్క బిడ్డ పిడికిలి బిగించుట నేర్చుకొనవచ్చునా?” ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

పౌలు ముష్టియుద్ధమును ఎరిగినవాడే. కొరింథు పట్టణమునకు సమీపమున రెండేండ్లకొకసారి ఇస్త్మియ క్రీడలు జరుగుచుండెను. ఆ కాలపు మల్లులు చేతులకు తోలుపట్టీలు చుట్టుకొని, ఒకడు పడిపోవువరకు లేక ఓటమి ఒప్పుకొనువరకు పోరాడిరి. అపొస్తలుడు తన్నుతాను అట్టివానితో పోల్చుకొనుచు, తాను గురిలేక గాలిలో చేతులు విసరువాడను కాననియు, తన శరీరమునే కొట్టి లోబరచుకొనుచున్నాననియు వ్రాసెను. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాటకు కంటి క్రింద దెబ్బ కొట్టుట అని అర్థము. అయినను పోలికగా వాడినంత మాత్రమున అది అంగీకారము కాదు. ప్రభువు తన రాకడను దొంగ రాకతో పోల్చెను. దొంగతనమును మెచ్చుకొనలేదు గదా! కాబట్టి ఈ వాక్యము ఒక్కటియే మన ప్రశ్నను తీర్చదు. ఆ విద్యలో ఏమి నేర్పుదురో ముందు చూతము.

క్రొత్తగా చేరినవానికి మొదట నేర్పునది దెబ్బ కాదు, నిలుచుట. కుడిచేతివాటము గలవాడు ఎడమ పాదము ముందుంచి, కుడి మడమ కొంచెము ఎత్తి, గడ్డము దించి, రెండు పిడికిళ్లు చెంపలయొద్ద ఉంచుకొనవలెను. ఎడమచేతితో తిన్నగా వేయు చిన్న దెబ్బ జాబ్. వెంటనే నడుము త్రిప్పి కుడిచేతితో వేయునది క్రాస్. ఈ రెండు కలిసినదే మొదటి పాఠము. క్రాస్ వేయునప్పుడు నడుము తిరిగియుండును గనుక, ఎడమచేతితో ప్రక్కనుండి వేయు హుక్ అప్పటికే సిద్ధముగా నుండును. ఇట్లు ఒక దెబ్బ తరువాతి దెబ్బకు త్రోవ వేయును. బలము చేతిలో లేదు. నేలనుండి పాదములోనికి, పాదమునుండి నడుములోనికి ఎక్కి వచ్చును. వేసిన చెయ్యి వచ్చిన దారినే తిరిగి చెంపయొద్దకు చేరవలెను. చేరకపోయిన యెడల ముఖము కాపులేనిదగును. ఎదుట ఎవడును లేకుండ, గాలిలోనే, ఈ వరుసను వందలసార్లు చేయింతురు. ఎందుకనగా తలంపుకొరకు కనిపెట్టకుండ చెయ్యి తనంతట తాను కదలవలెను.

మన ప్రశ్నకు వేరు ఇక్కడనే యున్నది. తలంపుకొరకు కనిపెట్టని చేతి క్రియకు లెక్క ఎవడు చెప్పవలెను? “నేను తలంచలేదు, చెయ్యి లేచిపోయినది” అని చెప్పిన చాలునా? చాలదు. ఆ అలవాటును విత్తినవాడే దాని పంటకు బాధ్యుడు. పాపమునకును ఇట్టి వరుస గలదు. యాకోబు 1:14–15 చదివి చూడుడి: ఆశ పాపమును, పాపము మరణమును కనును. వీధి కొళాయియొద్ద మొదట ఎత్తిపొడుపు, దాని వెంట తల్లిపేర తిట్టు, దాని వెంట చొక్కా పట్టుకొనుట, ఆ మీదట కర్ర. ఎవరును నేర్పకయే ఈ విద్యలో మనము ఆరితేరియున్నాము.

మోషేను చూడుడి. హోరేబులో బండను కొట్టుమని దేవుడు సెలవిచ్చెను. కొట్టగా నీళ్లు వచ్చెను (నిర్గమ 17:6). అనేక సంవత్సరములైన తరువాత కాదేషులో బండతో మాటలాడుమని మాత్రమే సెలవిచ్చెను. జనులమీది కోపముతో మోషే చెయ్యి పాత దారినే పోయి, రెండుమారులు కొట్టెను (సంఖ్యా 20:8–12). నీళ్లు వచ్చినవి గాని, వాగ్దానదేశ ప్రవేశము పోయినది. ఒకనాడు విధేయతయైన దెబ్బ మరియొకనాడు అవిధేయత యాయెను.

ఇప్పుడు ప్రభువును చూడుడి. ప్రధానయాజకుని యెదుట బంట్రౌతు ఆయనను చరచినప్పుడు ఆయన తిరిగి కొట్టలేదు. మౌనముగా ఊరకుండనూ లేదు. తన మాటలో తప్పేమో చూపుమనియు, లేనియెడల ఏల కొట్టితివనియు అడిగెను. చెంప త్రిప్పుట పిరికితనము కాదు. దేవదూతల సేనలను పిలువగలవాడు పిలువకుండుటయే సాత్వికము. అయితే సాత్వికులగుటకు అందరును పిడికిలి విద్య నేర్వవలెనా? అక్కరలేదు. ఎన్నడును పిడికిలి బిగింపని ముసలమ్మకును గాయపరచగల నాలుక యున్నది. దానిని బిగబట్టుటయే ఆమె సాత్వికము.

కాబట్టి బాక్సింగు నేర్చుకొనుటయే పాపమని మేము చెప్పము. మూడు మాటలు మాత్రము చెప్పుదుము. మొదటిది, ఈ క్రీడలో తలయే ముఖ్యమైన గురి. తలకు మరలమరల దెబ్బలు తగిలిన మల్లులలో నడక తడబడుటను, బుద్ధి మందగించుటను 1928లోనే అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ వ్రాసెను. మనిషి క్రింద పడకపోయినను పదేపదే తగిలిన దెబ్బలు మెదడుకు హాని చేయునని నేటి వైద్యులు ఎరుగుదురు. దేహము దేవుని ఆలయము గదా! గాలిలో సాధన, సంచిని కొట్టుట, పాదముల కదలిక దేహమునకు మేలే. తలదెబ్బల పోటీ వద్దని తలిదండ్రులు చెప్పిన యెడల అది అవిశ్వాసము కాదు. రెండవది, నేర్చిన చెయ్యి రింగు వెలుపల, తమ్మునిమీద గాని భార్యమీద గాని పొరుగువానిమీద గాని, లేవకూడదు. ఎక్కువ పొందినవానియొద్ద దేవుడు ఎక్కువ అడుగును. మూడవది, ఎదుటివానిమీద పగయున్న దినమున గ్లవ్సు తొడుగుకొనవద్దు.

ఇక నేర్చుకొననివారమైన మనకును ఒక సాధన కలదు. నింద వచ్చినప్పుడు మొదట మౌనము, దాని వెంట మెత్తని మాట, దాని వెంట శత్రువుకు ఒక చెంబు నీళ్లు. రోమా 12:20–21లోని ఈ మార్గమును ఇంటిలో, పొలములో, చిన్న సంగతులలో ప్రతిదినము అభ్యసించుడి. వేసిన చెయ్యి చెంపయొద్దకు మరలునట్లు, ప్రతి మాట తరువాత మనస్సు ప్రార్థనకు మరలవలెను. అప్పుడు పెద్ద కలహము వచ్చిననాడు మన చెయ్యి ఏ దారిని పోవునో మనకు ముందే తెలియును. అట్లు అభ్యసింపక, ఆదివారము వాక్యము విని సోమవారము కర్ర ఎత్తువాడే గాలిని కొట్టువాడు.

మన చేతులను ప్రభువు తన నీతికి సాధనములుగా చేయును గాక. ఆమేన్.